డిశ్చార్జి కాగితంలో పాదం ఏది?

గౌరవనీయులైన రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖ అధికారులకు, విజయవాడ, గుంటూరు ఆస్పత్రుల్లో పక్షవాతం రోగులకు డిశ్చార్జి రాసే డాక్టర్లకు,

నమస్కారం.

మాది చిట్టినగర్ కొండ మీద ఇల్లు. మా ఆయన వన్ టౌన్‌లో బట్టల హోల్‌సేల్ షాపులో గుమాస్తాగా చేసేవారు. నేను ఇంట్లోనే మిషన్ పెట్టుకుని బ్లౌజులు కుడతాను. నిరుడు ఆయనకు ఎడమ పక్క పడిపోయింది. 108లో ఒక పెద్ద ఆస్పత్రికి తీసుకెళ్ళాం. వెంటనే చేర్చుకున్నారు, మనిషిని దక్కించారు. అక్కడి డాక్టర్లకు, సిస్టర్లకు మేం ఎప్పటికీ రుణపడి ఉంటాం. ఈ ఉత్తరం ఆ తర్వాతి సంగతి గురించి, ఇంకా సరిగ్గా చెప్పాలంటే ఆయన ఎడమ పాదం గురించి.

ఇంటికి పంపేటప్పుడు చేతికిచ్చిన ఫైల్లో ఎంఆర్ఐ ఉంది, గుండె స్కాన్ ఉంది. బీపీ మాత్ర ఏ పూట, రక్తం పలచబడే మాత్ర ఏ పూట, ఉప్పు ఎంత తగ్గించాలి, మళ్ళీ ఎప్పుడు చూపించుకోవాలి, అన్నీ రాశారు. ఆఖరి పేజీ అడుగున ‘ఫిజియోథెరపీ చేయించుకోవాలి’ అని ఒక ముక్క ఉంది. ఎవరి దగ్గర, ఎన్నాళ్ళు, దేనికోసం అనేది లేదు. పాదం ఊసే లేదు. మా సందులో పక్షవాతం వచ్చినవాళ్ళు ఇంకా ఉన్నారు. వాళ్ళ ఫైళ్ళు కూడా అడిగి చూశాను. ఆస్పత్రులు వేరు, కాగితం మాత్రం అదే.

నేను అడిగేది ఒక్కటే. పక్షవాతం రోగిని ఇంటికి పంపేముందు ఎవరో ఒకరు ఆ పాదాన్ని చేత్తో పట్టుకుని చూడాలి, చూసింది రాయాలి, దానికి ఏం కావాలో ఆస్పత్రి గడప దాటకముందే మాకు చేతికివ్వాలి. మీకు తెలియని వైద్యం ఇందులో ఏమీ లేదు. కాకపోతే ఇంటికొచ్చాక ఆ కాలు ఏమవుతుందో మీకు కనపడదు. అది చెప్పడానికే ఇంత పొడుగు ఉత్తరం.

మొదటి రోజుల్లో కాలు మెత్తగా, బరువుగా ఉంటుంది. పాదాన్ని పైకెత్తే కండరం మోకాలి కింద ముందువైపు ఉంటుందట, మెదడు నుంచి దానికి కబురు అందదు. పడుకున్నప్పుడు పాదం ముందుకు వాలిపోతుంది. దానికి తోడు పైన దుప్పటి బరువు. కొన్ని వారాలు, నెలలు గడిచేసరికి వెనక పిక్క బిగియడం మొదలవుతుంది. ఇంట్లోవాళ్ళు దాన్ని చూసి సంతోషిస్తారు, కాలికి బలమొస్తోందని చుట్టాలకు ఫోన్లు చేసి మరీ చెబుతారు. ఆ బిగుతు పాదాన్ని కిందికి, లోపలికి లాగేస్తుందని, వేళ్ళను ముడిచేస్తుందని వాళ్ళకు ఎవరు చెప్పాలి? అలాగే వదిలేస్తే పిక్క కండరం పొట్టిబడిపోతుంది. అప్పుడిక చేత్తో ఎంత నెట్టినా మడమ నేలకు ఆనదు. సాగదీయడం ఒక్కదానితో ఇది ఆగిపోదని మాకు దొరికిన ఫిజియో అమ్మాయి కూడా చెప్పింది. నిలబెట్టడం, నడిపించడం, స్ప్లింటు (పాదం వాలిపోకుండా పట్టి ఉంచే ప్లాస్టిక్ తొడుగు), బిగుతు మరీ ఎక్కువైతే దానికి మందు, ఇవన్నీ కలిసి, వేళకు జరగాలంది.

ఆ వేళ దాటిపోవడమే మా బాధంతా.

పాదం ముందు భాగం లేవకపోతే మనిషి నడవడం మానేయడు. ఏదో ఒక దారి వెతుక్కుంటాడు. తుంటి పైకెత్తి, కాలును పక్క నుంచి చుట్టూ తిప్పి ముందుకేస్తాడు. పాదం బయటి అంచు మీద దిగుతుంది. బరువు మోపేసరికి మోకాలు టక్కున వెనక్కి పోతుంది. కొన్నాళ్ళకు మోకాలు నొప్పి, నడుము నొప్పి మొదలవుతాయి. పైగా తట్టుకుని పడతారు. పక్షవాతం వచ్చిన వైపు ఎముక కూడా పలచబడుతుంది కాబట్టి ఆ పక్కకు పడితే తుంటి విరగడం ఎంతసేపు? మెదడు జబ్బుతో మీ దగ్గరికి వచ్చి నడుచుకుంటూ వెళ్ళిన మనిషి విరిగిన ఎముకతో మళ్ళీ మీ క్యాజువాలిటీకే వస్తాడు. రెండో ఫైలు తెరుస్తారు.

మా ఆయన ఎడమ చెప్పు సంగతి చెబుతాను. ముందు అంచు అరిగిపోయి అడుగున ఉన్న తెల్ల రబ్బరు బయటపడింది. మడమ వైపు గీతలు కూడా చెరగలేదు. కుడి చెప్పు ఎప్పట్లాగే మడమ దగ్గర అరిగింది. బొటనవేలి గోరు సగానికి అరిగి నల్లబడింది, వేలి కొస చర్మం కాయ కాసింది. ఇంతకంటే పెద్ద రిపోర్టు ఏం కావాలి? కానీ ఓపీకి వచ్చిన రోగి చెప్పులు గుమ్మం బయటే విడిచి లోపలికొస్తాడు. డాక్టరు గారు బీపీ చూస్తారు, చెయ్యి ఎత్తమంటారు, వేలు పట్టుకోమంటారు. కుర్చీలో కూర్చున్న మనిషి కుర్చీలోంచే బయటికి వెళ్ళిపోతాడు. ఆ చెప్పుల జత ఒక్కసారి లోపలికి తెప్పించుకుని చూడండి సార్. ఆ మనిషిని తలుపు దాకా నడిపించి, వెనక నుంచి కూడా ఒకసారి చూడండి. ఒక్క నిమిషం కంటే పట్టదు.

ఈ చెప్పుల దగ్గర మన ఇళ్ళకు సంబంధించిన చిక్కు ఇంకొకటి ఉంది. నడకకు వేసుకునే స్ప్లింటు చాలావరకు బూటులో పెట్టి వేసుకోవడానికే తయారవుతుంది. బూటు పట్టు ఉంటేనే అది పనిచేస్తుంది. మనం ఇంట్లో చెప్పులు వేసుకోం. రోజులో ఎక్కువ నడక ఇంట్లోనే, మంచం నుంచి బాత్‌రూమ్‌కి, బాత్‌రూమ్ నుంచి హాల్లోకి. నున్నటి టైల్స్ మీద వట్టి ప్లాస్టిక్ స్ప్లింటుతో నడిస్తే సర్రున జారుతుంది. ఇంట్లో వేసుకోవడానికి విడిగా ఒక జత శాండల్స్ కొంటే మా అత్తగారు దేవుడి గది వైపు చూపించి చూపించి నన్ను చంపింది. ఆవిడ తప్పేం లేదు, ఆవిడ ఎనభై ఏళ్ళ అలవాటు అది. ఇదే మాట డాక్టరు నోటి నుంచి వచ్చుంటే ఒక్క పూటలో ఒప్పుకునేది. ‘ఇంట్లో కూడా చెప్పులు వేసుకుని నడవాలి’ అని మీరు ప్రిస్క్రిప్షన్ మీద రాస్తే మా కొంపల్లో సగం గొడవలు తీరతాయి. హవాయి చెప్పులు వద్దని కూడా రాయండి. అవి జారిపోకుండా పట్టుకోవడానికి వేళ్ళు ఇంకా ముడుచుకుంటాయి. మడమ వెనక పట్టీ ఉండి, పైన వెల్క్రోతో అంటుకునేవి కావాలి. స్ప్లింటు పట్టాలంటే ఆ కాలికి ఒక సైజు పెద్దది కావాలి. జతలో ఒకటి ఒక సైజు, రెండోది ఇంకో సైజు ఏ షాపువాడూ ఇవ్వడు. రెండు జతలు కొని రెండు చెప్పులు పక్కన పడేయాల్సిందే.

ఇక స్ప్లింటు. ఎవరూ చెప్పకపోయినా, తెలిసినవాళ్ళను అడిగి సూర్యారావుపేటలో ఒక సర్జికల్ షాపులో కొన్నాం. స్మాల్, మీడియం, లార్జ్ ఉన్నాయి, ఏది కావాలన్నాడు. కాలు చూడలేదు, కొలవలేదు. నేను రోజూ చేసే పని కొలతలు తీయడం. ఒక బ్లౌజుకే ఛాతీ, చంక, భుజం, చేతి పొడవు విడివిడిగా కొలుస్తాం, అయినా అరంగుళం తేడా వస్తే మర్నాడు తెచ్చి నా ముందు పడేస్తారు. ఒంటి బరువంతా మోసే కాలికి మీడియం అంటే ఏంటో నాకిప్పటికీ అర్థం కాదు. అది బయటి చీలమండ ఎముక మీద ఒరుసుకుని బొబ్బ లేచింది. మా ఆయనకు ఆ పక్క స్పర్శ తక్కువ, నొప్పి తెలియలేదు. రాత్రి కాళ్ళు తుడుస్తుంటే సాక్సుకు తడి తగిలింది. ఆ రోజు నుంచి అది అటక మీదే ఉంది.

కాలికి పీఓపీ (ప్లాస్టర్) కట్టు చుట్టి, అది గట్టిపడ్డాక కోసి తీసి, ఆ అచ్చు మీద వేడి చేసిన ప్లాస్టిక్ షీటును పరిచి స్ప్లింటు చేసేవాళ్ళు ఉన్నారని చాలా ఆలస్యంగా తెలిసింది. వాళ్ళను ఆర్థోటిస్టులు అంటారు, 1992 నాటి రీహాబిలిటేషన్ కౌన్సిల్ చట్టం కింద రిజిస్టర్ అయి ఉంటారు. ఆ స్ప్లింటును ఏఎఫ్‌వో అంటారు. పాదం కాస్త వేలాడుతుంటే వెనక సన్నగా ఉండి వంగేది సరిపోతుంది, పిక్క బాగా బిగిసి పాదం లోపలికి తిరిగితే చీలమండ పక్కల దాకా పట్టుకునే గట్టిది కావాలి, కొందరికి మడమ దగ్గర కీలు ఉన్నది పనికొస్తుంది. ఏది ఎవరికి అనేది కాలు చూసిన మనిషి తేల్చాలి, కౌంటర్లో కుర్రాడు కాదు. మా ఆయనకు ఇప్పుడు అలాంటిదే చేయించాం. వేసుకున్న మొదటి వారం రోజూ విప్పి ఎక్కడ ఎర్రబడిందో చూడమన్నారు, విప్పాక కాసేపటికి ఎరుపు పోకపోతే తెమ్మన్నారు. తెస్తే ఆ చోట వేడి చేసి కాస్త బయటికి లాగి ఇచ్చారు. ఆ కుర్చీలో, ఆ మనిషి ముందు కూర్చున్నప్పుడు నాకు అనిపించింది, ఈయన ఆస్పత్రి వార్డులోనే ఉండాల్సింది కదా అని.

కాలు పోయినవాళ్ళకు జైపూర్ కాలు ఉంటుందని మన ఊళ్ళో చిన్నపిల్లలకు కూడా తెలుసు. కాలు ఉండి మాట విననివాళ్ళకు ఏముంటుందో చదువుకున్నవాళ్ళకు కూడా తెలియదు.

ప్రభుత్వం ఏమీ ఇవ్వదని నేను అనను. వికలాంగులకు ఉపకరణాలిచ్చే కేంద్ర పథకం, ఏడిప్ అంటారు, 1981 నుంచి ఉంది. ఆ ఉపకరణాలు తయారుచేసే అలిమ్‌కో సంస్థను కాన్పూర్‌లో 1972లో పెట్టారు. మన దగ్గర వైకల్యం శాతం తేల్చే సదరం సర్టిఫికెట్ ఉంది, పింఛను ఉంది. చిక్కంతా కాలంతోనే. నరాల జబ్బుకు వైకల్యం శాతం సాధారణంగా ఆరు నెలలు గడిచాకే లెక్కకడతారు. అందులో న్యాయం ఉంది, ఆ లోపు కోలుకునేవాళ్ళు చాలామంది ఉంటారు కదా. ఆ తర్వాత 40 శాతం వస్తే క్యాంపులో పేరు రాస్తారు, ఆ పై క్యాంపులో వస్తువు ఇస్తారు. కానీ పిక్క బిగియడానికి సర్టిఫికెట్ అక్కర్లేదు, అది తన పని మొదటి నెలల్లోనే మొదలుపెడుతుంది. సర్టిఫికెట్ చేతికొచ్చేసరికి కొందరి మడమ ఏ స్ప్లింటులోనూ కూర్చోనంత పైకి లేచిపోయి ఉంటుంది. పోనీ క్యాంపులో ఇచ్చేదైనా పనికొస్తుందా అంటే, మా మెట్ల మీద మూడు చక్రాల సైకిల్‌తో ఏం చేసుకోవాలి?

2024 జులై నుంచి ఎన్టీఆర్ భరోసా కింద దివ్యాంగులకు నెలకు 6,000 రూపాయలు, పక్షవాతంతో మంచానికో వీల్‌చైర్‌కో పరిమితమైనవాళ్ళకు 15,000 ఇస్తున్నారు. మా కొండ మీద ఆ డబ్బుతో బతికే ఇళ్ళు ఉన్నాయి, అందులో ఒక్క రూపాయి తగ్గించమని నేను అనను. మంచాన పడినవాళ్ళకు నెలనెలా అంత ఇవ్వగలిగిన ప్రభుత్వం, నడవగలిగిన మనిషి మంచాన పడకుండా ఉండటానికి ఒక్కసారి కొన్ని వేల రూపాయల స్ప్లింటు చేయించి పంపలేదా? పక్షవాతానికి ఎన్టీఆర్ వైద్య సేవ కింద చేర్చుకున్న ప్రతి రోగికీ ఆ ఖర్చు వైద్యంలో భాగంగా లెక్క వేయండి. మందు సీసా రాసినట్టే ఏఎఫ్‌వో కూడా డిశ్చార్జికి ముందే రాయాలి, సదరంతో ముడిపెట్టకూడదు. ఈ ఒక్కటి మీ శాఖ జీవోతో అయ్యే పని.

మెట్ల గురించి కూడా చెప్పాలి. ఆయన్ని వార్డు నుంచి లిఫ్టులో దింపి, వీల్‌చైర్‌లో తోసుకొచ్చి ఆటో ఎక్కించారు. ఇల్లెక్కడ, ఎన్ని మెట్లు, పట్టుకోవడానికి ఏముంది అని ఎవరూ అడగలేదు. బెజవాడలో కొండవాలు ఇళ్ళు ఏ మారుమూలో లేవు కదా. చిట్టినగర్, విద్యాధరపురం, మొగల్రాజపురం, గుణదల, ఎంతమంది ఉంటున్నామో మీకు తెలియంది కాదు. ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు పడిపోయిన కాలు ముందు, పట్టుకునే మనిషి దిగేటప్పుడు ఒక మెట్టు కింద ఉండాలి. ఇంతే పాఠం. ఆస్పత్రి మెట్ల మీద ఒకసారి చేయించి చూపిస్తే సరిపోయేది. ఆ ముక్క తెలియకే ఆయన చాలాకాలం కొండ దిగలేదు. ఇంట్లోనే కూర్చుంటే కాలు ఇంకా బిగుసుకుపోతుంది, మనిషి ఇంకా కుంగిపోతాడు. షాపు యజమాని మంచివాడు కాబట్టి కౌంటర్ మీద కూర్చునే పని ఇస్తానన్నాడు. రావాలి కదా అక్కడిదాకా!

ఎండాకాలం సంగతి కూడా రాయండి. స్పర్శ తగ్గిన పాదం నుంచి చెప్పు జారిపోయినా మనిషికి తెలియదు, ఎడమ పక్క ధ్యాస తగ్గినవాళ్ళకు మరీను. మే నెలలో బెజవాడ రోడ్డు మీద నాలుగడుగులు చాలు అరికాలు బొబ్బలెక్కడానికి. షుగర్ కూడా ఉంటే అది మానడానికి ఎన్నాళ్ళు పడుతుందో మీకే బాగా తెలుసు. ఇంకొకటి, ఉన్నట్టుండి ఆ పిక్క వాచి, వేడిగా, నొప్పిగా ఉంటే నూనె పెట్టి మర్దన చేయకుండా ఆస్పత్రికి తీసుకురావాలని, రక్తం గడ్డకట్టి ఉండొచ్చని మాకెవరూ చెప్పలేదు. మా వీధిలో మర్దన మానుకోమంటే తిట్టేవాళ్ళే ఎక్కువ.

పావురం మాంసం తినిపించమన్నారు, దాని రక్తం పూయమన్నారు, ఏదో ఊళ్ళో ఆకుమందు పోస్తారన్నారు. చదువురానివాళ్ళే అలా వెళ్తారని మీరు అనుకుంటారేమో. మీ కాగితంలో ఆ పాదానికి ఏమీ రాయలేదు కాబట్టి ఎవరు ఏది చెప్పినా ఆ ఖాళీలో సరిగ్గా పట్టేస్తోంది. కొందరు ఇంటికొచ్చి ‘కరెంట్’ పెట్టి వెళ్తారు, పూటకు ఇంత అని తీసుకుంటారు. మోకాలి బయటి పక్క నరానికి, నడిచేటప్పుడు సరిగ్గా అడుగు లేచే క్షణంలో కరెంట్ అందించే పరికరాలు ఉన్నాయి, అవి పాదాన్ని ఎత్తుతాయి. పడుకోబెట్టి తొడకింత, పిక్కకింత అంటించి ఫోన్ చూసుకుంటూ కూర్చోవడం అది కాదు. మాకు ఆ తేడా చెప్పేవాళ్ళు లేక డబ్బులు పోస్తున్నాం. బొటాక్స్ కూడా అంతే. సినిమావాళ్ళు ముడతలకు వేయించుకునేదనే మాకు తెలుసు. అదే మందు బిగిసిన పిక్కలో వేస్తే బిగుతు దాదాపు మూడు నెలలు సడలుతుందని, ఆ మూడు నెలల్లో వ్యాయామం, స్ప్లింటు గట్టిగా చేస్తేనే ఫలితమని, కండరం పూర్తిగా పొట్టిబడ్డాక దానితో పని జరగదని ముందే తెలిస్తే కదా అడగగలిగేది. పొట్టిబడిపోయినవాళ్ళకు మడమ వెనక స్నాయువును, అంటే పిక్కను మడమకు కలిపే గట్టి పట్టీని, పొడిగించే ఆపరేషన్ ఉందని కూడా చాలా ఇళ్ళలో తెలియదు. అందరికీ అది కావాలని కాదు. ఉందని తెలియాలి.

ఏటా అక్టోబర్ 29న పక్షవాతం దినం ర్యాలీలు చేస్తారు. మూతి వంకరపోతే, చెయ్యి పడిపోతే, మాట తడబడితే వెంటనే రండి, నాలుగున్నర గంటల్లోపు వస్తే గడ్డ కరిగించే ఇంజక్షన్ ఇవ్వొచ్చు అని ఫ్లెక్సీలు కడతారు. మంచి పని, మా పక్కింటాయన ఆ ఫ్లెక్సీ గుర్తుండే వేళకు వెళ్ళి బతికి బట్టకట్టాడు. ఆ ఫ్లెక్సీలో ఒక మూల పాదం బొమ్మ కూడా వేయించండి, ఇంటికెళ్ళే ముందు దీన్ని చూపించుకోండి అని.

పెద్ద యంత్రాంగం కొత్తగా పెట్టనక్కర్లేదు. వార్డు సచివాలయం ఏఎన్‌ఎంలు ఇప్పటికే ఇళ్ళకొచ్చి బీపీ, షుగర్ చూస్తున్నారు. పక్షవాతం వచ్చిన ఇంట్లో మడమ నేలకు ఆనుతోందా, వేళ్ళ మధ్య పుండు ఉందా, స్ప్లింటు వేసుకుంటున్నారా లేక అటకెక్కిందా అని కూడా చూసి రాసుకోమనండి. మడమ లేస్తోందంటే ఆ నెలలోనే ఫిజికల్ మెడిసిన్ డాక్టరు (జబ్బు తర్వాత కదలిక, నడక మెరుగుపరిచే వైద్యం చేసేవారు) దగ్గరికి పంపమనండి. గుంటూరులో, విజయవాడలో మెడికల్ కాలేజీ ఆస్పత్రులు ఉన్నాయి కదా. రెండు చోట్లా వారానికి ఒక పూట ఫిజికల్ మెడిసిన్ డాక్టరు, ఫిజియో, ఆర్థోటిస్టు ఒకే గదిలో కూర్చుంటే పల్నాడు నుంచో కృష్ణా జిల్లా చివరి నుంచో వచ్చినవాళ్ళు మూడు చోట్లకు మూడుసార్లు తిరగక్కర్లేదు. కాలు ఈడ్చుకుంటూ బస్సెక్కే మనిషికి ఒక్కో తిరుగుడు ఎంత నరకమో ఎక్కించేవాళ్ళకు తెలుసు.

ఈ లోపు జీవో కోసం, బడ్జెట్ కోసం ఆగకుండా చేయగలిగిన పని డాక్టర్ల చేతుల్లోనే ఉంది. రేపు ఉదయం రౌండ్స్‌లో డిశ్చార్జి రాసేటప్పుడు బీపీ మాత్ర కింద ఒక వరుస వదలండి. పాదం పైకి లేస్తోందా లేదా, చీలమండ ఎంతవరకు వంగుతోంది, స్పర్శ ఉందా, స్ప్లింటు కావాలా, కావాలంటే ఎవరు చేస్తారు, మళ్ళీ పాదం చూపించుకోవాల్సిన తేదీ ఏది. ఆ తేదీ ఆరు వారాలకు మించి ఉండకూడదు. తెలుగులో రాయండి, ఇంట్లో చదివేది మేమే.

ఇట్లు,
ఒక పక్షవాతం రోగి భార్య,
చిట్టినగర్, విజయవాడ